పెనం బొమ్మ

నవంబరు శనివారం, పొద్దు వాలే వేళ. నెబ్రాస్కాలో పెల్ క్రీక్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానం బయట, జనం కార్లన్నీ వెళ్లిపోగా మిగిలిన ఒక పాత పికప్ బండి. స్టీరింగు ముందు లానీ ప్రూయిట్. బంతి తమ జట్టు చేతిలో ఉన్నంతసేపూ ఏ ఎత్తు వేయాలో పైనున్న గాజుగదిలోంచి చెప్పే కోచ్ అతను. పక్క సీట్లో డెల్బర్ట్, లానీ పెళ్లాం నోరీన్‌కి మేనమామ. చెవిలో లానీ చెప్పిన ఎత్తు విని, దానికి తగ్గ బొమ్మ అట్టని మైదానం గీత పక్కన నిలబడి పైకెత్తడం ఈ ముసలాయన పని. జట్టు ఓడిపోయి గంటైంది. డెల్బర్ట్ ఒళ్లో చిల్లీ గిన్నె ఉంది, మాంసం, చిక్కుడు గింజలు వేసి కారంగా ఉడికించిన పులుసు.

"విన్నావా మావా? విన్నావా ఏమన్నాడో?"

"విన్నాలే."

"రేడియోలో! ఊరు ఊరంతా వినేట్టు! 'రెండో సగంలో ఎత్తులన్నీ లానీవే, నేను ఒక్క మాట కూడా అనలేదు.' అనలేదట! పెద్ద కోచ్ గారు, హార్లన్ బాగ్స్ గారు, ఒక్క మాట అనలేదట!"

"అల్లుడూ, ఆ దాల్చినచెక్క రొట్టె ఇటు పడెయ్."

"నేనేం చెప్తున్నా, నువ్వేం అడుగుతున్నావ్?"

"చిల్లీలో ముంచుకోడానికి. రొట్టె లేకుండా చిల్లీ గొంతు దిగదు నాకు. ఓడామని పొట్టకి ఎవరు చెప్తారు?"

"తిను. బాగా తిను. సోమవారం కాలేజీ పెద్దలు కూర్చుంటారు. ఇద్దరిలో ఒకణ్ణి ఇంటికి పంపాలి. ఎవణ్ణి పంపుతారు? 'ఎత్తులన్నీ వాడివే' అని రేడియోలో చెప్పినవాణ్ణా, ఆ 'వాణ్ణా'?"

"నిన్నే."

"ఆఁ! నువ్వే అంటున్నావ్!"

"నువ్వే అడిగావ్."

"ఈ ఏడాది పగ్గాలు నీకేరా అన్నాడు. ఆగస్టులో, వాళ్ల పెరట్లో మాంసం కాలుస్తూ, పదిమంది ముందు అన్నాడు. నువ్వూ ఉన్నావక్కడ."

"ఉన్నా. మాంసం మాడ్చాడు."

"పగ్గాలు నాకిచ్చాడు, గుర్రం మెడ మాత్రం వాడే పట్టుకున్నాడు! ప్రతి ఎత్తుకీ ముందు చెవిలో వాడి గొంతు. 'నేనేం అనట్లేదు లానీ...'"

"'...ఊరికే అడుగుతున్నా.'"

"అబ్బ! ఆయన గొంతుతో మాట్లాడకు మావా. నిజంగా ఆయనే అనుకున్నా, గుండె ఆగింది."

"'నేనేం అనట్లేదు లానీ, ఊరికే అడుగుతున్నా, మధ్యలోంచి దూరితే ఎలా ఉంటుందంటావ్?'"

"ఆపమన్నానా!"

"సరే సరే. ఆపా. రొట్టె ఇంకోటి ఉందా?"

"మధ్యలోంచి దూరడం. ఆయనకి తెలిసిందల్లా అదొక్కటే. బంతి ఒటిస్ చేతికివ్వడం, ఆ పిల్లాడు తల వంచుకుని గోడని గుద్దినట్టు గుద్దడం. ముప్పై ఏళ్ల కిందట ఆయన ఆడినప్పుడు అలాగే గెలిచారట. ఆ ఎత్తుకి ఏ బొమ్మ పెట్టాం మనం?"

"పెనం."

"ఎన్నిసార్లు ఎత్తావ్ ఆ పెనం బొమ్మ ఈ పూట?"

"భుజం పడిపోయింది. ఇటు చూడు, చెయ్యి ఇంతకంటే లేవట్లా."

"రహస్యం కోసమయ్యా ఆ బొమ్మలు! ట్రాక్టరు, పెనం, కోడిపుంజు, బోసినవ్వు ముసలామె. అవతలి వాళ్లకి ఏది ఏంటో తెలీకూడదని. మూడో క్వార్టర్‌కల్లా అవతలి జట్టు పిల్లలు బొమ్మ లేవగానే 'పెనం! పెనం!' అని అరుస్తున్నారు. మన పిల్లల కంటే ముందు వాళ్లకే తెలిసిపోతోంది."

"మన జనానికి కూడా తెలిసిపోయింది. ఆ కుర్రాళ్లు నిజం పెనాలు తెచ్చుకున్నారు చూశావా? గరిటెలతో టంగుటంగుమని. ఒకడు నా దగ్గరికొచ్చి 'తాతా, ఆమ్లెట్ ఎప్పుడు?' అన్నాడు."

"నవ్వు. నీకు నవ్వే. నోరీన్ మధ్యలోనే లేచి ఇంటికెళ్లిపోయింది తెలుసా? వెనక వరసలో కూర్చున్న వాళ్లు 'ప్రూయిట్‌ని పీకండి, ప్రూయిట్‌ని పీకండి' అని పాట కట్టారట. బళ్లో తన దగ్గర చదువుకున్న పిల్లలే. పాట మధ్యలో దాన్ని చూసి 'గుడ్ ఈవెనింగ్ టీచర్' అని, మళ్లీ అందుకున్నారట."

"మర్యాద నేర్పింది మరి నా మేనకోడలు."

"మావా, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నాతో కలిసి బాధపడు."

"పడుతున్నాగా. మింగుతూ పడుతున్నా. అదిగో, అటు చూడు. పెద్దాయన, బాగ్స్ బండి. చెయ్యి ఊపుతున్నాడు."

"చూడను."

"ఊపరా. బావుండదు."

"నువ్వు ఊపు. నా చెయ్యి అద్దంలోంచి బయటికొచ్చిందంటే ఊపడానికి రాదు."

"ఊపా. వెళ్లిపోయాడు. ముఖం బాగా పీక్కుపోయింది పాపం."

"పాపమా! పాపమేంటి? మావా, నువ్వు అటా ఇటా?"

"నేను మధ్యలో. పెనం లాగా."

"మొదటి సగం గుర్తుందా? పదిహేడు పాయింట్లు. ఎలా వచ్చాయి? ఆయన చెవిలో వాగుతూనే ఉన్నాడు, నేను సగం విన్నా, సగం విననట్టు నటించా. 'ఆఁ? కోచ్? సరిగ్గా వినపడట్లేదు, గరగరమంటోంది' అని రెండుసార్లు కోడిపుంజు వేయించా, బంతి దూరంగా విసిరించా. కొర్డెల్ ఆ చివరంట పరిగెత్తి రెండూ పట్టాడు. రెండూ పాయింట్లే!"

"చూశా. పుంజు ఎత్తినప్పుడు నాక్కూడా మీసం లేచింది."

"అక్కడితో ఆగాడా? 'బానే ఉంది లానీ, కానీ ఊరికే అడుగుతున్నా...' ఇక నా వల్ల కాలేదు. హాఫ్ టైంలో, మైదానంలోంచి గదులకెళ్లే ఆ సందులో, నేనన్నది విన్నావుగా?"

"నేనేంటి, బాకా వాయించే పిల్లలు కూడా వాయించడం ఆపి విన్నారు."

"'కోచ్, ఈ బండి ఒకడే తోలాలి. నువ్వన్నా తోలు, నన్నన్నా తోలనియ్' అన్నా. తప్పా?"

"తప్పు కాదు. గొంతు కొంచెం..."

"ఏమన్నాడు ఆయన? ఏమీ అనలేదు. నా ముఖంలోకి ఇంతసేపు చూసి బాత్రూంలోకి పోయాడు. నువ్వూ వెనకాలే పోయావ్. లోపల ఏమన్నాడు?"

"ఎక్కడ?"

"బాత్రూంలో."

"బాత్రూంలో ఏమంటారు ఎవరైనా? చేతులు తుడుచుకోడానికి కాగితాలు లేవన్నాడు."

"అంతేనా?"

"నిజంగా లేవు. నా చొక్కాకి తుడుచుకున్నాడు."

"నా గురించి ఏమీ అనలేదూ?"

"అల్లుడూ, హీటర్ కొంచెం పెంచు. మోకాళ్లు పట్టేస్తున్నాయ్."

"ఏదో అన్నాడు. నీ ముఖం చెప్తోంది. జేబులో ఏంటది, ఇందాకటి నుంచీ ఊరికే తడుముతున్నావ్? టకటకమంటోంది."

"నా కట్టుడు పళ్లు."

"పళ్లు నోట్లోనే ఉన్నాయిగా!"

"ఇంకో జత. ఆదివారం పళ్లు."

"నీతో మాట్లాడ్డం... సరే. రెండో సగం. ఇప్పుడు చెప్తా విను. ఇదే అసలు సంగతి. బయటికొచ్చాం. హెడ్‌సెట్ పెట్టుకున్నా. మొదటి ఎత్తు. ఆయన ఏమంటాడా అని చూస్తున్నా. ఏమీ అనలేదు."

"అనలేదు."

"రెండో ఎత్తు. ఏమీ అనలేదు."

"అనలేదుగా మరి. రేడియోలో అన్నదీ అదేగా."

"నువ్వు ఆగు! అదే ఆయన మాయ. మాట లేదు, ఒట్టి ఊపిరి. హూఁ... హూఁ... కొండెక్కుతున్న ఎద్దు రొప్పినట్టు, నా చెవిలో. ఆ ఊపిరికి అర్థం తెలీదా నాకు? ఆరేళ్లుగా పనిచేస్తున్నా ఆయన కింద. 'ఏరా, నన్నంటావా, నామీద అరుస్తావా, వెయ్, వెయ్ నీ పుంజు, పడనీ కింద, అప్పుడు చెప్తా' అని. అదీ ఆ ఊపిరి."

"అంత మాట ఉందా ఊపిరిలో?"

"ఇంకా ఉంది. పెళ్లాం మాట్లాడకుండా పళ్లేలు కడుగుతుంటే ఎలా ఉంటుంది మావా? గట్టిగా పెట్టదు, మెల్లగానే పెడుతుంది. కానీ ఆ మెల్లగా పెట్టడం ఉంది చూశావూ..."

"నాకు చెప్తావా? నలభై ఏళ్లు విన్నా ఆ పళ్లేలు."

"అదీ. అందుకని పెనం అన్నా. మళ్లీ పెనం. 'సరే కోచ్, సరే, దూరుతున్నాం, మధ్యలోంచే దూరుతున్నాం' అని నేనే చెప్పా పైనుంచి. నువ్వు విన్నావుగా?"

"విన్నా. ఒక్కో మాటా విన్నా. 'సరే కోచ్', 'అర్థమైంది కోచ్', 'అలాగే కోచ్'. ఎవరో అత్తారింటికొచ్చిన కొత్త కోడలు అనుకున్నా."

"దానికి జవాబన్నా ఇచ్చాడా? లేదు! ఒప్పుకున్నట్టేగా అది? వద్దురా, నీ ఇష్టం వచ్చింది వెయ్ అని అనొచ్చుగా?"

"అనొచ్చు... అనగలిగితే."

"అనగలిగితే ఏంటి?"

"ఏం లేదు. మిరపకాయ తగిలింది."

"పైగా మధ్యలో నువ్వొకడివి! 'అల్లుడూ, ఈసారి పుంజు ఎత్తమంటావా? చేతులు దురద పెడుతున్నాయ్' అంటావా? ఆయన వింటుండగా! నా ప్రాణం పోయింది. 'నోర్మూసుకుని పెనం ఎత్తు' అన్నానా లేదా?"

"అన్నావ్. మేనమామ అని కూడా చూడలా."

"పోనీలే అనుకుందాం, మాట లేదు. చూపు సంగతేంటి? ఆఖరి క్వార్టర్‌లో నేను దుర్బిణితో చూస్తూనే ఉన్నా కిందికి. రెండుసార్లు తలెత్తి నా గదికేసి చూశాడు. చూసి, నీవైపు తిరిగి చెయ్యి చాపాడు. గట్టిగా ఏదో అడుగుతున్నాడు. మెడలో నరాలు నాకు పైదాకా కనపడ్డాయ్. ఏంటది?"

"ఎప్పుడు?"

"ఆఖరి క్వార్టర్‌లో! రెండుసార్లు! రెండోసారైతే నీ కోటు పట్టుకున్నాడు."

"ఓ, అదా. పొద్దుతిరుగుడు గింజలు అడిగాడు."

"గింజలా?"

"నా దగ్గరుంటాయిగా ఎప్పుడూ, ఉప్పు పట్టించినవి."

"ఇచ్చావా?"

"ఇవ్వలా."

"ఎందుకివ్వలా?"

"ఆయన ఒంటికి పడవు."

"మావా... గింజల కోసం కోటు పట్టుకుని లాగుతారా ఎవరన్నా?"

"ఉప్పు యావ అలాంటిది నాయనా. నీకు తెలీదు."

"సరే, వదిలెయ్. ఆఖరి ఎత్తు. అది చెప్పనీ నన్ను, అది చెప్తేగానీ కడుపుమంట ఆరదు. నాలుగో ప్రయత్నం, అదే ఆఖరిది. ఇంకా గజం దూరం పోవాలి. మూడు పాయింట్లు వెనకపడ్డాం. నిమిషం కూడా లేదు. అవతలి వాళ్లంతా మధ్యలో గుంపుగా కూడారు, పెనం వస్తుందని. కొర్డెల్ ఆ చివర ఒక్కడే. ఒక్కడే మావా! చుట్టుపక్కల పురుగు లేదు. వాళ్లమ్మమ్మ వచ్చి నిలబడినా బంతి పట్టేసుకుని నడుచుకుంటూ పోవచ్చు."

"చూశా. పుంజు బొమ్మ సగం ఎత్తి ఉంచా కూడా. నువ్వు అంటావేమోనని."

"అనబోయా! 'కో' దాకా వచ్చింది నోట్లోంచి! అప్పుడు... అప్పుడు ఊపిరి ఆపేశాడు మావా. అంతసేపూ రొప్పినవాడు టక్కున ఆపేశాడు. చెవిలో శ్మశానం. దాని భావమేంటి?"

"నువ్వే చెప్పు."

"'వేశావా, నీ పని అయిపోయింది' అని! ఇంకేముంటుంది? నా నోట్లోంచి పెనం వచ్చేసింది. ఒటిస్ వెళ్లి గుద్దాడు. లేచేసరికి ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. అయిపోయింది. ఆయన రేడియో దగ్గరికి పోయి, 'ఎత్తులన్నీ లానీవే'. గొంతు కూడా వణకలా!"

"వణికింది. నువ్వు సరిగ్గా వినలా."

"అందుకే నేనొక పని చేశా."

"ఏం పని?"

"గ్రెటాని రమ్మన్నా."

"ఏ గ్రెటా?"

"మన ఊరి పేపర్‌లో ఆటల వార్తలు రాసే పిల్ల. ఇక్కడికే రమ్మన్నా. మొత్తం చెప్పేస్తా. రెండో సగం ఆడించింది నేను కాదు, ఆయనే, చెవిలో ఊపిరి మీద ఊపిరి పోసి ఆడించాడని. రేపు ఆదివారం పేపర్‌లో వస్తుంది. సోమవారం పెద్దలు చదువుకుని కూర్చుంటారు. అప్పుడు చూద్దాం ఎవరు ఇంటికి పోతారో."

"ఎప్పుడు పిలిచావ్?"

"నువ్వు చిల్లీ తేవడానికెళ్లినప్పుడు."

"అయ్యయ్యో. నా జిహ్వ తగలెయ్య! చిల్లీ కోసం వెళ్లకపోయినా బావుండేది. అల్లుడూ, వద్దు. ఫోన్ చేసి వద్దని చెప్పు."

"చెప్పను."

"ఆకలేసి ఏదో వాగానని చెప్పు."

"నేను తిననే లేదు, నువ్వు తిన్నావ్!"

"కడుపు చల్లబడ్డాక మాట్లాడొచ్చుగా? ఇంటికి పద, నోరీన్ ఉంటుంది, నాలుగు తిడుతుంది, హాయిగా పడుకుంటావ్. రేపు పొద్దున్నే పెద్దాయన దగ్గరికెళ్లి నువ్వే అడుగు..."

"ఏమడగాలి? ఆయన మళ్లీ బాత్రూంలోకి పోతాడు! లేదు మావా. ఆరేళ్లు 'సరే కోచ్' అన్నా. పెళ్లాం సగంలో లేచి వెళ్లిపోయింది సిగ్గుతో. ఇవాళ చెప్పి తీరతా. అదిగో, ఆ ఎర్ర కారు ఆమెదే."

"బండి స్టార్ట్ చెయ్. పోదాం."

"చెయ్యను. అసలు నువ్వెందుకింత కంగారు పడుతున్నావ్?"

"నేనా? నాకేం కంగారు? నేను... ఒరేయ్, నేను ఒకరికి ఒట్టేశానురా. నా కుక్క మీద ఒట్టు. నోరు తెరిస్తే ఆ కుక్క ఏమవుతుందో ఏమో, దానికసలే పదమూడేళ్లు."

"ఏం ఒట్టు? ఎవరికి?"

"అల్లుడూ, నిన్నొకటి అడుగుతా. వేళాకోళం కాదు. ఆ ఊపిరి... నిజంగా విన్నావా?"

"విన్నానంటే మళ్లీ అడుగుతావేంటి! నా ఈ చెవితో విన్నా! రెండో సగం మొదటినుంచీ చివరిదాకా! కోర్టులో పుస్తకం మీద చెయ్యేసి చెప్తా."

"మొదటి నుంచీ."

"మొదటి నుంచీ!"

"పెద్దాయన ఊపిరే."

"ఇంకెవరిది? ఎవరిదో నాకు తెలీదూ? ముక్కులోంచి ఈల వస్తుంది ఆయనకి, చివర్లో. అది కూడా విన్నా."

"ఈల కూడానా... దేవుడా."

"ప్రూయిట్ గారూ! లానీ గారూ! నేనండీ, గ్రెటాని. అద్దం దించుతారా?"

"ఆఁ, ఒక్క క్షణం అమ్మా! మావా, చెయ్యి తియ్. అద్దం మీటని వదులు."

"వదులుతా. ముందు నీ చెయ్యి చాపు."

"ఎందుకు?"

"చాపరా!"

"ఏంటిది? పళ్లా? మావా, ఇప్పుడు నీ కోతి చేష్టలు... ఇది... ఇదేదో బ్యాటరీ."

"దాని మీద అంటించిన పట్టీ చదువు. ఆయన చేతిరాతే."

"'బాగ్స్'. హెడ్‌సెట్‌ది. నీ దగ్గరెందుకుంది? నువ్వు పీకావా? ఇంకో వేళాకోళమా నీది?"

"నేను కాదు. హాఫ్ టైంలో, ఆ బాత్రూంలో, ఆయనే పీకి నా చేతిలో పెట్టాడు. 'డెల్, వాడన్నది నిజం. నా నోరు నా మాట వినదు. ఇది నీ దగ్గరుంచు. మ్యాచ్ అయ్యేదాకా నేను ఏడ్చినా, కాళ్లమీద పడ్డా ఇవ్వకు. వాడికి చెప్పకు, చెప్తే నాకోసమే ఆడతాడు, వాడి ఆట వాణ్ణి ఆడనీ' అన్నాడు. మ్యాచంతా ఆ చచ్చిన డబ్బా చెవికి తగిలించుకుని నిలబడ్డాడు, టీవీలో బావుండదని. ఆఖరి క్వార్టర్‌లో కొర్డెల్ ఖాళీగా ఉన్నాడని చూసి ఆగలేక రెండుసార్లు దీన్ని తిరిగి అడిగాడు. 'పుంజు, డెల్, పుంజు వెయ్యమని చెప్పనీ వాడికి' అని కోటు పట్టుకున్నాడు. నేను ఇవ్వలా."

"పుంజా? ఆయనా?"

"ఆయనే."

"మరి... మరి ఆ ఊపిరి?"

"అదే నేనూ నిన్ను అడుగుతున్నా. ఆ గాజుగదిలో నువ్వు కాక ఇంకెవరున్నారు?"

"లానీ గారూ! చలికి చచ్చిపోతున్నానండీ ఇక్కడ! ఆఁ, దించారు, హమ్మయ్య. నమస్తే తాతగారూ. సరే, సూటిగా అడిగేస్తా, రాసుకుంటా: రెండో సగంలో ఆ పెనం ఎత్తులన్నీ వేయించిందెవరండీ?"

"అది... నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా."